హరికేన్ రెక్కకు వేసిన కుట్లు

మా ఇంటి వెనక కొబ్బరి గోదాములో ఒక యుద్ధ విమానం తయారవుతోందని పాలకొల్లులో మా పేటంతటికీ తెలుసు. కొరియర్ తెచ్చే అతను ఇంటి నంబరు చూడడం ఎప్పుడో మానేశాడు. "విమానం వారిల్లు" అంటే ఎవరైనా చూపించేవారు. వినేవాళ్లకు సరదాగా ఉండేది. నాకు మాత్రం సరదాగా ఉండేది కాదు, ఎందుకంటే ఆ విమానం రెక్కలకు గుడ్డ కుట్టింది నేను.

మా ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. విమానం నడిపిన మనిషి కాదు, విమానం ఒంటిని చూసుకున్న మనిషి. రెక్కలు, తోక, చక్రాలు, వాటిని కదిపే తీగలు, ఇవీ ఆయన పని. ఊరికొచ్చేశాక కొన్నాళ్లు పొలం, పేపరు, గుడి అంటూ తిరిగారు గానీ ఆయన చేతులు ఊరికే ఉండేవి కావు. ఇంట్లో ఫ్యాన్లన్నీ విప్పి బిగించడం అయిపోయింది. పక్కింటివాళ్ల మోటార్లు కూడా అయిపోయాయి. అప్పుడొకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ, "హరికేన్ కడదామనుకుంటున్నాను," అన్నారు.

మా వైపు ఆ మాటకు తుపాననే అర్థం. నేను చారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

హరికేన్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన ఒక యుద్ధ విమానమని, ఒక్క మనిషే కూర్చుని నడిపేదని, మన దేశంవాళ్లూ అప్పట్లో దాన్ని నడిపారని చెప్పారు. అసలు విమానం అంత పెద్దది కాకుండా అందులో ముప్పావు వంతు కొలతకు దించి, చెక్కతోనూ గుడ్డతోనూ ఇళ్లలో కట్టుకునేవాళ్లు విదేశాల్లో చాలామంది ఉన్నారట. ప్లాన్లు అమ్ముతారట. అప్పటికే తెప్పించేశారని నాకు మర్నాడు తెలిసింది.

ఆ విమానమే ఎందుకంటే దానికీ ఒక కథ ఉంది. యుద్ధ కాలంలో తాడేపల్లిగూడెంలో రన్‌వే వేస్తున్నప్పుడు మా ఆయన వాళ్ల తాతగారు అక్కడ మట్టి పనికి వెళ్లారు. ఒకరోజు పొడుగు ముక్కు విమానం ఒకటి నెత్తిమీద నుంచి వెళ్లిందట, తట్టలు కింద పడేసి అందరూ బోర్లా పడుకున్నారట, తాతగారు మాత్రం నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డారట. అది ఏ విమానమో ఆయనకూ తెలీదు, ఇంకెవరికీ తెలీదు. మా ఆయన మాత్రం అది హరికేనే అని చిన్నప్పుడే తీర్మానించుకున్నారు.

నేను అప్పటికి చాలా ఏళ్లుగా ఇంటి ముందు గదిలో ఆడపిల్లలకు కుట్టు నేర్పుతున్నాను. జాకెట్లు, లంగాలు, పంజాబీ డ్రెస్సులు. గోదాములో రంపం చప్పుడు, ముందు గదిలో మిషన్ల చప్పుడు. చెక్క పని జరిగినన్నాళ్లూ నాకు పెద్ద బెంగ లేదు. నేలమీద ఉన్నంత వరకూ అదొక పెద్ద బొమ్మ అనుకున్నాను. ఈయనకు కాలక్షేపం, నాకు మనశ్శాంతి. ఇది ఎలాగూ ఎగిరేది కాదని ఎక్కడో ఒక ధీమా ఉండేది.

రెక్కల అస్థిపంజరం పూర్తయ్యాక ఆయన నన్ను గోదాములోకి పిలిచారు. పక్కటెముకల్లా వరసగా సన్నటి చెక్క బద్దలు, వాటిని కలుపుతూ పొడుగాటి దూలం. దానికి గుడ్డ తొడగాలి. అంచులకు జిగురుతో అంటించి, ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే గుడ్డ డోలు చర్మంలా బిగుసుకుంటుంది. తర్వాత ప్రతి బద్ద వెంటా, మైనం పట్టించిన దారంతో, రెక్క పైనుంచి కిందకు గుచ్చి ముడి వేసుకుంటూ పోవాలి.

"జిగురుంది కదా, మళ్లీ కుట్టెందుకండీ?" అన్నాను.

ఆయన గుడ్డ ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని పైకి లాగి చూపించారు. "ఎగిరేటప్పుడు రెక్క పైన గాలి ఇలా పైకి లాగుతుంది. ఆ లాగుడుకే విమానం లేస్తుంది. ముందు లేచేది గుడ్డ. గుడ్డ చెక్కను లేపాలి, చెక్క మనిషిని లేపాలి. ఆ గుడ్డకీ చెక్కకీ మధ్య ఉండేది నీ దారం."

ఆయన పాఠం చెప్పినట్టు మామూలుగానే చెప్పారు. నాకది మామూలుగా వినపడలేదు.

జాకెట్టు కుట్టు జారితే మళ్లీ వేస్తాం. ఇన్నేళ్లలో నా కుట్టు జారినందువల్ల ఎవరికీ ఏమీ కాలేదు, మహా అయితే పెళ్లిలో ఒకావిడ పైట చాటు చేసుకుని తిరిగింది. ఇది అలాంటిది కాదు. వేరే ఎవరినైనా చూసుకోండన్నాను. "ఎవరిని చూసుకోను? నీ ముడి నాకు తెలుసు," అన్నారు. ఆ మాట విన్నాక కాదనలేకపోయాను, అంతే.

రెక్కను పక్కకు నిలబెట్టి అటు ఆయన, ఇటు నేను కూర్చునేవాళ్లం. జానెడుకు పైనే ఉన్న సూది. నేను ఇటునుంచి గుచ్చితే ఆయన అటు అందుకుని, బద్దకు అవతల పక్క నుంచి తిరిగి నాకు పంపేవారు. మధ్యలో తెల్లటి గుడ్డ ఉండడంతో ఒకరికొకరం కనపడేవాళ్లం కాదు. మాట వినపడేది, సూది మొన కనపడేది. ముడి వేశాక ఒకసారి గట్టిగా లాగి చూసేదాన్ని. రెండోసారి లాగేదాన్ని. మరీ లాగితే గుడ్డ కోసుకుపోతుందని ఆయన కోప్పడేవారు.

అలా కుడుతున్నప్పుడే ఒకరోజు అడిగాను. "దీన్ని ఎవరు నడుపుతారండీ?"

అటు వెళ్లిన సూది కాసేపు తిరిగి రాలేదు.

"నడపడానికి మనిషి ఉన్నారులే," అన్నారు తర్వాత.

నేను అప్పటిదాకా, ఎగరడమంటూ జరిగితే ఈయనే ఏదో నేర్చుకుని కాస్త గెంతిస్తారేమోనని భయపడుతూ వచ్చాను. పరాయి మనిషి ఎక్కుతాడని తెలిసేసరికి ఆ భయం తగ్గకపోగా రెట్టింపైంది. ఎందుకో చెప్పాలంటే పాత సంగతి ఒకటి చెప్పాలి.

పెళ్లైన కొత్తలో మేము ఉత్తరాదిన ఒక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో ఉండేవాళ్లం. ఒకనాడు పొద్దున వెళ్లిన విమానం తిరిగి రాలేదు. ఆ పొద్దున దాన్ని సిద్ధం చేసి పంపినవాళ్లలో మా ఆయన ఒకరు. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయారు. తాను బిగించిన ప్రతి మరనూ మనసులో మళ్లీ విప్పి బిగించుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది. ఎంక్వయిరీ అయ్యేదాకా ఆ ఇంట్లో అన్నం ఉడికింది గానీ తిన్నవాళ్లు లేరు. చివరకు ఇంజనులో పక్షి పడిందని తేలింది. ఆ కబురు విని మేమిద్దరం గట్టిగా ఊపిరి పీల్చుకున్నాం. పీల్చుకున్న మరుక్షణం నాకు సిగ్గేసింది. అదే స్టేషన్‌లో, ఆఫీసర్ల క్వార్టర్స్‌లో ఆ పైలట్ భార్య పుట్టింటివాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంది.

అంత బాధ పడ్డ మనిషి మళ్లీ చేజేతులా ఇలాంటి పని ఎందుకు నెత్తికెత్తుకున్నారో నాకు అర్థం కాలేదు. గుడ్డకు ఇవతల నుంచి అదే అడిగేశాను. మరో రెండు ముడులయ్యాక, "అప్పుడు నేను బాగా చేశానో లేదో నాకు ఎవరో చెప్పాల్సొచ్చింది. ఒక్కసారైనా మొదట్నుంచీ అంతా నా చేత్తో చేసి, బాగుందని నాకే తెలియాలి," అన్నారు.

నేను సూది గుచ్చాను.

ఆ నడిపే మనిషి ఒకరోజు వచ్చారు. రామచంద్రపురం వైపు ఆయన. ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్‌గా చేసి, తర్వాత విమానం నడపడం నేర్పే పనిలో ఉండి, ఇప్పుడు రాజమండ్రిలో స్థిరపడ్డారు. చాలా పొడుగు మనిషి. విమానం చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగారు. కాక్‌పిట్‌లో కూర్చుంటే భుజాలు రెండు పక్కలా ఆనుకున్నాయి, మోకాళ్లు పైకి తేలాయి. "ముప్పావు విమానానికి ముప్పావు మనిషిని వెతుక్కోవాల్సింది మాస్టారూ," అని మా ఆయనతో నవ్వారు. ఆయన నవ్వుతుంటే నేను ఆయన మెడ వంక, చొక్కా కాలరు వంక చూశాను. ఇస్త్రీ మడత చక్కగా ఉంది. ఇంట్లో ఎవరో శ్రద్ధగా చేసి పంపుతున్నారనుకున్నాను. ఆ ఆలోచన రాకపోయినా బాగుండేది, అప్పట్నుంచీ నాకు నిద్ర సరిగా పట్టలేదు.

కుట్లయ్యాక వాటి మీద గుడ్డ టేపులు అంటించి, పైన డోప్ అనే వార్నిష్‌లాంటి ద్రావణం పూతలు పూతలుగా పూయాలి. అది ఆరాలంటే గాలి పొడిగా ఉండాలి. కోనసీమకు ఇవతల, ఎటు చూసినా కాలవలూ చేపల చెరువులూ ఉన్న ఊళ్లో పొడి గాలి ఎక్కడినుంచి వస్తుంది? అందులోనూ శ్రావణమాసం. ఎడమ రెక్క అడుగు భాగానికి పూస్తుండగా పూత పొగ పట్టినట్టు తెల్లగా మారిపోయింది. తేమ లోపలికి దిగితే అలా అవుతుందట. ఆయన దాన్ని థిన్నర్‌తో తుడిచి, ఎండ కాసిన రోజు చూసి మళ్లీ పూశారు. రంగు మామూలుగా వచ్చింది. సరిపోయిందన్నారు. నేను మాత్రం గోదాములోకి వెళ్లినప్పుడల్లా కింద కూర్చుని, ఆ చోట బొటనవేలితో నొక్కి చూసేదాన్ని. గట్టిగానే తగిలేది. అయినా నొక్కేదాన్ని.

అనుమతుల కోసం చాలా కాలం తిరిగారు. అధికారులు వచ్చి టార్చిలైటు వేసి మూలమూలలా చూశారు. మా కొబ్బరి గోదాము నుంచి ఎగరడం ఎలాగూ కుదరదు. జంగారెడ్డిగూడెం అవతల మెట్టలో ఒక ఆయిల్‌పామ్ రైతుకు సొంతంగా చిన్న మైక్రోలైట్ విమానం ఉంది. దాన్ని దించుకోవడానికి తోటల మధ్య ఎర్రమట్టితో చదునుగా ఒక రన్‌వే చేయించుకున్నాడు. అక్కణ్నుంచి, ఆ చుట్టుపక్కలే ఎగిరేందుకు అనుమతి వచ్చింది. ఆ కబురు వచ్చిన రోజు మా ఆయన నాకు స్వీటు పెట్టారు. నేను దాన్ని చేతిలో పట్టుకుని దేవుడి గదిలోకి వెళ్లాను. మొక్కుకున్నాను గానీ, ఎగరాలని మొక్కుకున్నానో ఎగరకూడదని మొక్కుకున్నానో నాకే తెలియదు.

రెక్కలు విప్పి, పరుపులూ గడ్డీ వేసిన లారీలో విమానాన్ని కట్టారు. మేము వెనకే కారులో. భీమవరం దాటి, తాడేపల్లిగూడెం దాటి, మెట్ట ఎక్కేదాకా నా కళ్లు ఎడమ రెక్క మీదే. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా నేను సీటు పట్టుకునేదాన్ని. నల్లజర్ల దగ్గర ఒక కానిస్టేబుల్ లారీ ఆపి, "సినిమా సెట్టింగా అండీ?" అనడిగాడు. కాగితాలు చూపిస్తే వాటికంటే ఎక్కువసేపు తోకను చూసి పంపించాడు.

తోటలో షెడ్డు కింద రెక్కలు బిగించడం, ఇంజను తిప్పి చూడడం, నేలమీద అటూ ఇటూ నడిపించడం, వీటన్నిటికీ కొన్నాళ్లు పట్టింది. ఎగరడానికి ముందురోజు మధ్యాహ్నం పైలట్‌గారు భార్యతో సహా వచ్చారు. ఆవిడ సన్నగా, నెమ్మదిగా ఉన్న మనిషి. మగవాళ్లు షెడ్డు దగ్గరికి వెళ్లిపోయాక మేమిద్దరం గెస్ట్‌హౌసు అరుగు మీద కూర్చున్నాం. నేను జీడిమామిడి తోటల గురించో ఎండ గురించో ఏదో మాట్లాడుతున్నాను. ఆవిడ మధ్యలో అడిగింది.

"రెక్కలకు గుడ్డ కుట్టింది మీరేనటండీ?"

"నేనేనండీ," అన్నాను.

ఆవిడ కాసేపు నా చేతుల వంక చూసింది. "ఆయన ఎగిరినన్నాళ్లూ నేను ఒక్కసారి కూడా కింద నిలబడి చూడలేదండీ. ఇంట్లోనే ఉండేదాన్ని. ఫోను మోగితే తీసేదాన్ని కాదు, పనమ్మాయిని తియ్యమనేదాన్ని. ఈసారి ఎందుకో రావాలనిపించింది."

ధైర్యం చెప్పాలని ఉంది. ఏం చెప్పను? బాగా కుట్టానంటే గొప్ప చెప్పుకున్నట్టుంటుంది. భయంగా ఉందంటే ఆవిడ ఏమైపోతుంది? చివరకు, "ప్రతి ముడీ రెండుసార్లు లాగి చూశానండీ," అన్నాను. ఆవిడ తల ఊపింది. అప్పట్నుంచీ మేము ఏమండీ అని కాకుండా వదినగారూ అని పిలుచుకున్నాం. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు.

పొద్దున్నే గాలి నిలిచిపోయి ఉంది. ఆయిల్‌పామ్ ఆకు కదలడం లేదు. ఆకుపచ్చా మట్టిరంగూ పూసిన హరికేన్ ఎర్రటి నేల మీద చిన్నదిగా, పౌరుషంగా నిలబడి ఉంది. పైలట్‌గారు భుజాలు ముడుచుకుని లోపలికి దిగారు. మా ఆయన రెక్క మీదికి ఎక్కి బెల్టులు బిగించి, ఏదో చెప్పి, దిగి వచ్చారు. దిగేముందు రెక్క మీద అరచెయ్యి వేసి ఒక్క క్షణం అలాగే ఉంచారు. ఆయన మొహం మా పాత క్వార్టర్స్‌లో మంచం మీద కూర్చున్ననాటి మొహంలా ఉంది.

ఇంజను చప్పుడు పెరిగింది. ఎర్ర దుమ్ము లేచింది. తోక లేచింది. నేను పక్కకు చూసేసరికి వదినగారు వెనక్కి తిరిగి, తోట వైపు మొహం పెట్టి నిలబడి ఉంది.

"నేను చూడలేనండీ. మీరు చూసి చెప్పండి," అంది.

ఆవిడ అడక్కపోతే నేనూ కళ్లు మూసుకునేదాన్నేమో. ఇక చూడక తప్పలేదు. చక్రాలు నేల విడిచాయి. దాని నీడ రన్‌వే మీద పక్కకు జారింది. "లేచిందండీ," అన్నాను. "తోటల మీదికి వెళ్తోంది. తిరుగుతోంది. బాగానే ఉంది." తాటిచెట్ల ఎత్తు దాటి, ఇంకా పైకి వెళ్లి, కొండల వైపు వంగి తిరిగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. మా ఆయన కళ్లకు బైనాక్యులర్లు, చేతిలో వాకీటాకీ. నిజం చెబుతున్నాను, ఆ ఒక్క నిమిషం నాకు భయం లేదు. నా దారం గాలిలో ఒక మనిషిని మోస్తోందని అనిపించింది, అంతే.

రెండో చుట్టు మా నెత్తిమీదుగా వెళ్తున్నప్పుడు ఎడమ రెక్క కింద ఏదో తెల్లగా అల్లల్లాడింది.

నాకు బైనాక్యులర్లు అక్కర్లేదు. ఏ చోటో నాకు తెలుసు. మా ఆయన చేతులు బిగుసుకోవడం కనపడింది. వాకీటాకీలో మాత్రం ఆయన మామూలుగానే చెప్పారు. "సార్, ఎడమ రెక్క కింద టేపు లేచింది. ఊగుతోంది."

అటునుంచి గరగరమని మాట. "తెలుస్తోంది మాస్టారూ, ఏదో కొట్టుకుంటున్న చప్పుడు. వేగం తగ్గించి తిప్పుకొస్తాను."

"ఏమైందండీ?" అంది వదినగారు తిరక్కుండానే.

"తిరిగి వచ్చేస్తున్నారండీ," అన్నాను. అబద్ధం కాదు. కానీ మొత్తం నిజమూ కాదు. టేపు కింద ఉన్న కుట్టు సంగతి నాకు తెలియదు. టేపు లేచాక గాలి దారాన్ని లాగుతుందా, దారం పోతే పక్క ముడి ఎంతసేపు ఆగుతుంది, దాని పక్కది ఎంతసేపు, ఇవే నా తలలో తిరుగుతున్నాయి. ఒక్కో ముడీ వేసినప్పుడు ఏం మాట్లాడుకున్నామో కూడా గుర్తొస్తోంది. వదినగారు వెనక్కి చెయ్యి చాపింది. పట్టుకున్నాను. ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది, నాదే మంచులా ఉంది.

విమానం చాలా నెమ్మదిగా, చాలా పెద్ద మలుపు తీసుకుంది. ఆ మలుపు ఎప్పటికీ అవదనిపించింది. రన్‌వే చివర తోటల మీద కిందికి దిగుతూ కనపడింది. ఆ తెల్లటి ముక్క ఇంకా ఊగుతోంది. చక్రాలు నేలకు తగిలి, ఒకసారి గెంతి, మళ్లీ తగిలి, నిలకడగా పరిగెత్తాయి.

"దిగారండీ," అన్నాను. ఆవిడ అప్పుడు తిరిగింది. నేను అక్కడే ఎర్రమట్టిలో కూర్చుండిపోయాను.

అందరూ పరిగెత్తి పైలట్‌గారి దగ్గరికి వెళ్తే, నేను లేచి రెక్క కిందకు వెళ్లాను. టేపు ముందు అంచు లేచి, జానెడు మేర ఊడి వేలాడుతోంది. దాని కింద నా కుట్లు వరసగా, వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఒక్కో ముడినీ వేలితో తడిమాను. ఒక్కటీ కదల్లేదు. మా ఆయన వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. నేను ఆయన చెయ్యి తీసుకుని ఆ కుట్ల మీద పెట్టాను.

ఆ ఏడాది వానల్లో తెల్లబడ్డ పూత పైకి బాగానే కనపడినా టేపును గట్టిగా పట్టుకోలేదు, అదీ జరిగింది. పెద్ద నష్టం ఏమీ లేదని అందరూ తేలిగ్గా తీసుకున్నారు. టేపు కొత్తది అంటించుకుంటే చాలు, మర్నాడు మళ్లీ ఎగరవచ్చునని పైలట్‌గారన్నారు. అధికారులకు రాసి పంపాల్సింది రాసి, మర్నాడు కాకపోతే ఆ వారంలో, అన్నారు మా ఆయన. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. కాఫీలు తాగుతూ గాలి ఎలా తగిలిందో, ఇంజను ఎలా లాగిందో చెప్పుకుంటున్నారు.

నేను గుమ్మం దగ్గర నిలబడి, "ఆ రెక్క గుడ్డ మొత్తం తీసేస్తాను," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. గుడ్డ మొత్తం విప్పి, కొత్తది తొడిగి, మళ్లీ మొదట్నుంచీ కుడతాను, అప్పటిదాకా ఎవరూ ఎక్కొద్దన్నాను. అన్ని నెలల పని మళ్లీనా అని మా ఆయన మొహం మాడిపోయింది. అంత అవసరం లేదని పైలట్‌గారు ఓపిగ్గా, గౌరవంగా చెప్పబోయారు. ఆయన చెప్పేదాంట్లో తప్పులేదు కూడా. నాకు వాదన తెలీదు. తేమ ఆ ఒక్కచోటే దిగిందని ఎవరికి తెలుసు, అంతే నేను అనగలిగింది.

అప్పుడు వదినగారు కాఫీ గ్లాసు కింద పెట్టి భర్తతో అంది. "ఆవిడ చెప్పినట్టే కానివ్వండి. ఆవిడ బాగుందనేదాకా మీరు అందులో కూర్చోవద్దు."

ఆవిడ అంత నిక్కచ్చిగా మాట్లాడ్డం ఆయన ఎప్పుడూ వినలేదనుకుంటాను. ఆయనా తన గ్లాసు కింద పెట్టి, "సరేనమ్మా," అన్నారు. భార్యతో అన్నారో నాతో అన్నారో తెలీదు.

రెక్కను పాలకొల్లు తీసుకురాలేదు. మార్గశిరం, పుష్యం, మెట్టలో గాలి పొడిగా ఉండే కాలం. ఆ తోట షెడ్డులోనే పెట్టి, నేను వారం వారం వెళ్లి ఉండేదాన్ని. పాత గుడ్డను బ్లేడుతో కోసి విప్పుతుంటే నా కుట్లు నేనే తెంపుకోవాల్సి వచ్చింది. అది కష్టంగా అనిపించింది. ఒక్కో బద్దా బయటపడింది. చెక్క శుభ్రంగా ఉంది. మిగతా టేపులన్నీ గట్టిగానే పట్టుకుని ఉన్నాయి, ఊడదీయడానికి వేళ్లు నొప్పులు పుట్టాయి.

మా ఆయన అదంతా చూసి, "చూశావా, ఇదంతా బాగానే ఉంది కదా," అన్నారు. కొంచెం నిష్ఠూరంగానే.

"బాగుందని ఇప్పుడు తెలిసింది," అన్నాను.

ఆయన రెక్కను నిలబెట్టి అవతలి పక్కకు వెళ్లి కూర్చున్నారు. సూది ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. ఈసారి పెద్దగా మాటల్లేవు. ఒకసారి మాత్రం గుడ్డ అవతల నుంచి, "ఆ రోజు నువ్వు కింద కూర్చుండిపోతే నీకేమైనా అయిందేమోనని అటు పరిగెత్తబోయాను తెలుసా," అన్నారు. "మరి రాలేదే?" అన్నాను. "విమానం ఇంకా ఆగలేదు కదా," అన్నారు. ఆయన్ను తప్పు పట్టలేదు. నేనైనా అదే చేసేదాన్ని.

ఎండలు ముదరకముందే రెండోసారి ఎగిరింది. ఈసారీ వదినగారు తోట వైపే తిరిగింది, ఈసారీ నేనే చూసి చెప్పాను. చాలాసేపు తిరిగి వచ్చింది. ఏదీ ఊడలేదు, ఏదీ ఊగలేదు. దిగాక పైలట్‌గారు టోపీ తీసి నా దగ్గరికి వచ్చి, "రెక్క పలకలాగా ఉందమ్మా," అన్నారు. మా ఆయన విమానం చుట్టూ ఒక్కరే తిరుగుతూ ఉండిపోయారు. భోజనానికి పిలిచినా రాలేదు. నేను వెళ్లి చూస్తే తోక దగ్గర నేలమీద కూర్చుని ఉన్నారు. మొహం తుడుచుకుంటూ, దుమ్ము పడిందన్నారు. పడే ఉంటుంది, అక్కడ దుమ్ముకేం తక్కువ.

భయం పోయిందా అని మా కుట్టు క్లాసు పిల్లలు అడుగుతుంటారు. పోలేదు. హరికేన్ ఇప్పుడు ఆ తోట షెడ్డులోనే ఉంది. గాలి అనుకూలించినప్పుడు పైలట్‌గారు వెళ్లి ఎగురుతారు. ఆ రోజుల్లో నేను మిషను దగ్గర కూర్చోను, చేతులు పనిమీద నిలవవు. రాజమండ్రిలో వదినగారూ అంతేనట. ఇద్దరం ఫోన్లో ఉంటాం. కూరల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, పాలవాడి గురించి మాట్లాడుకుంటాం. ఎగరడం గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడం. తోట నుంచి మా ఆయన మెసేజ్ వచ్చాక, "దిగారటండీ వదినగారూ," అంటాను. "సరేనండీ, ఉంటాను మరి," అని ఆవిడ పెట్టేస్తుంది.

మొన్నీమధ్య గోదాములో మళ్లీ రంపం చప్పుడు మొదలైంది. ఈసారి అదే యుద్ధ కాలపు ఇంకో విమానమట, దాని ప్లాన్లు కూడా నాకు చెప్పకుండానే తెప్పించారు. రెక్కలకు చాలావరకు పలచటి ప్లైవుడ్డే ఉంటుందట, తోకకూ చుక్కానికీ మాత్రం గుడ్డ కావాలట. వానాకాలంలో నేను గుడ్డ ముట్టుకోనని ముందే చెప్పేశాను. ఆయన సరేనని, గోడమీద క్యాలెండరు దగ్గరికి వెళ్లి, కార్తీకం ఎప్పుడొస్తుందో చూడడం మొదలుపెట్టారు.